కొబ్బరితోటలో ప్రకృతి పాఠాలు: మూడు రోజుల నివాస తరగతిపై ఒక సమీక్ష

రాజోలు వైపు, వైనతేయ వశిష్ఠ పాయల నడుమ, ఒక కొబ్బరితోటలోని పాత మండువా లోగిలిని బాగుచేయించి విడిదిగా నడుపుతున్నవారు ఈ జనవరిలో ‘పాశ్చాత్య తత్త్వచింతనలో ప్రకృతి’ అనే అంశం మీద మూడు రోజుల నివాస తరగతి ఏర్పాటు చేశారు. మనిషికి 4,800 రూపాయల రుసుము. రెండు రాత్రుల బస, భోజనాలు, ఆరు తరగతులు, 90 పేజీల పాఠ్యప్రతి, ఒక పడవ ప్రయాణం అందులోనే కలిసి ఉన్నాయి. మేము 18 మందిమి చేరాము. బడిలో 30 ఏళ్ళు తెలుగు చెప్పి విరమించుకున్న నాకు తత్త్వశాస్త్రంలో పట్టా ఏదీ లేదు గాని, పిల్లల చేత ప్రకృతి–వికృతులు వల్లె వేయించినవాడిని కనుక ఆ మాట కనబడితే ఆగకుండా ఉండలేను. ఈ సమీక్షలో మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల విడిది పేరు గాని, ఉపన్యాసకుడి పేరు గాని రాయడం లేదు. ఫిర్యాదులన్నీ బయలుదేరే ముందు నిర్వాహకులకు నేరుగా చెప్పినవే.

నా తీర్పు ముందే చెబుతాను. పాఠాలు రుసుముకు మించిన విలువ చేశాయి, విడిది రుసుముకు సరిపోయింది, కరపత్రం మాత్రం పాఠాలకు పూర్తిగా ఎదురు నడిచింది. ‘మనిషి చేయి పడని ప్రకృతి ఒడిలో తత్త్వచింతన’ అని కరపత్రం మొదటి వరుసలోనే అచ్చు వేశారు. దాని కింద ఊదారంగు పూలతో నిండిన కాలువ బొమ్మ ఉంది. ఆ పూలు గుర్రపుడెక్కవి. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలువలకు అడ్డం పడిన ఆ కలుపును తీయించలేక రైతులు తలలు పట్టుకుంటుంటే, ఇక్కడ అదే కల్తీ లేని ప్రకృతికి గుర్తుగా నిలిచింది. బొమ్మలోని కాలువ మనిషి తవ్వినది, గట్టు మీది కొబ్బరి మనిషి నాటినది, వెనుక పొలంలో కనబడుతున్న దాళ్వా (రెండో పంట) నాట్లు ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఉండనే ఉండవు. భోజనాల జాబితాలో జనవరి నెలకు పులస పులుసు కూడా రాశారు. వరదనీటికి ఎదురీది వచ్చే ఆ చేప ఏ నెలల్లో దొరుకుతుందో గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు.

మొదటి రోజు ఉదయం తరగతి గ్రీకులతో మొదలయింది. ఉపన్యాసకుడు నేరుగా సిద్ధాంతాల్లోకి దిగకుండా ఒక ఊరి భూగోళంతో ఆరంభించడం నాకు చాలా నచ్చింది. ప్రకృతి దేనితో తయారయింది అన్న ప్రశ్నను దేవతల కథలతో కాకుండా వాదనతో తేల్చుకోవాలని మొదట చూసినవారిలో థేలీస్ ఒకడు. ఆయన ఊరు మిలేటస్, ఇప్పటి తుర్కియే పడమటి తీరాన మియాండర్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న రేవుపట్నం. సర్వానికీ నీరే మూలమని, భూమి నీటి మీద తేలుతున్నదని ఆయన అన్నట్లు తరువాతి కాలంలో అరిస్టాటిల్ రాశాడు. ఆ నది మోసుకొచ్చిన ఒండ్రు మెల్లమెల్లగా రేవును పూడ్చేయగా, మిలేటస్ శిథిలాలు నేడు సముద్రానికి కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య ఉన్నాయి. ఇంతవరకు చెప్పి ఆయన ఆగి, “ఇలాంటి ఊరు మీకు తెలుసా?” అని అడిగాడు. యానాం నుంచి వచ్చిన ఒకరు వెంటనే “కోరంగి” అన్నారు. ఒకప్పుడు ఓడలతో కిటకిటలాడిన కోరంగి రేవు మేట వేసుకుపోయిన సంగతి మాకు తాతల నాటి మాటగా తెలిసినదే. ఏటి ముఖద్వారాన కూర్చున్నవాడికి, నేల అనేది నీరు తెచ్చి పెట్టిన వస్తువుగా కనబడటంలో వింత ఏముంది? థేలీస్ వాక్యం నాకు పుస్తకాల్లో ఎన్నడూ ఇంత దగ్గరగా రాలేదు.

అదే తరగతిలో నా మొదటి అభ్యంతరం కూడా మొదలయింది. గ్రీకువారి మాట ‘ఫ్యూసిస్’. అది పుట్టడం, మొలవడం, పెరగడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. దాన్ని రోమనులు ‘నాతూరా’ అని తమ భాషలోకి తెచ్చుకున్నారు, దానికీ మూలం పుట్టడమే. పాఠ్యప్రతిలో ఈ రెండింటికీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ‘ప్రకృతి’ అన్న ఒక్క మాటే వాడారు. మనకు ప్రకృతి అనగానే ఒకవైపు సాంఖ్యం చెప్పే మూలప్రకృతి, మరొకవైపు చెట్టు చేమ కొండ కోన గుర్తుకు వస్తాయి. గ్రీకు మాట మొదట చెప్పేది ఆ రెండూ కాదు. ఒక వస్తువు తనంతట తాను ఏమి కావడానికి పుట్టిందో ఆ గుణాన్ని అది చెబుతుంది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అనే సామెతలోని పుట్టుకే అది. హెరాక్లైటస్ అనే మరో గ్రీకు తత్త్వవేత్త వాక్యాన్ని పాఠ్యప్రతిలో ‘ప్రకృతి దాగి ఉండటానికి ఇష్టపడుతుంది’ అని అనువదించారు. అది చదివిన మా వరుసలోని ఒక యువకుడు అడవిలో దాగిన పులిని ఊహించుకున్నాడు. ‘వస్తువు స్వభావం పైకి కనబడదు’ అని ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. పాఠం పూర్తయ్యాక ఈ సంగతి ఉపన్యాసకుడితో చెప్పాను. ఆయన కాదనలేదు. ఆ సాయంత్రం నుంచి ‘స్వభావం’ అన్న మాటను కూడా ధారాళంగా వాడటం ఆయన పెద్దమనసు. అచ్చయిన ప్రతి మాత్రం అలాగే ఉంది.

సాయంత్రం తరగతి అరిస్టాటిల్ మీద. స్వభావసిద్ధమైన వస్తువుకు కదలడానికి, ఆగడానికి, పెరగడానికి కారణం తనలోనే ఉంటుందని, మనిషి చేసిన వస్తువుకు అది బయట, చేసినవాడిలో ఉంటుందని ఆయన చెప్పిన భేదమే ఈ తరగతి మొత్తానికి ఇరుసు. దీనికి ఆయన ఎత్తి చూపిన ఉదాహరణ ఆంటిఫోన్ అనే అతని మంచం. మంచాన్ని భూమిలో పాతితే, కుళ్ళిన కర్రకు మొలకెత్తే శక్తి ఉంటే, మొలిచేది మంచం కాదు, చెట్టే. ఉపన్యాసకుడు అరుగు మీది నులకమంచాన్ని చూపిస్తూ ఇది వివరించాడు. నాకు మాత్రం వాకిట్లోని దడి మంచి ఉదాహరణగా తోచింది. అక్కడ దడికి ఆసరాగా పాతిన మునగకొమ్మలు రెండు చిగురించి పూతకు వచ్చి ఉన్నాయి. దడి చిగురించదు, మునగ చిగురిస్తుంది. పాతినవాడు దాన్ని గుంజ అనుకున్నాడే గాని, కొమ్మ ఆ సంగతి ఒప్పుకోలేదు. కోనసీమలో రెండు వేల ఏళ్ళ నాటి వాదనకు సాక్ష్యం పెరట్లోనే దొరుకుతుందని నేను అన్నప్పుడు, తోట యజమాని తల్లిగారు ఆ మునగాకు మర్నాడు పప్పులో వేయిస్తానన్నారు. వేయించారు కూడా.

అయితే అరిస్టాటిల్ అక్కడితో ఆగలేదు. ప్రకృతి పూర్తి చేయలేనిదాన్ని కొంతవరకు మనిషి నేర్పు పూర్తి చేస్తుందని, కొంతవరకు దాన్ని అనుకరిస్తుందని కూడా ఆయన అన్నాడు. ఈ రెండో వాక్యాన్ని ఉపన్యాసకుడు ఒక్క నిమిషంలో దాటించి, ఒక వస్తువు ఎందుకు అలా ఉందో చెప్పడానికి అరిస్టాటిల్ విడదీసిన నాలుగు కారణాల పట్టిక వేయడానికి అరగంట తీసుకున్నాడు. పట్టిక ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ ఒక్క వాక్యం మీద అరగంట గడపవలసిన చోటు ఈ భూమి మీద ఎక్కడైనా ఉంటే అది గోదావరి డెల్టాయే. డెల్టా అనే మాట కూడా గ్రీకు అక్షరం పేరే, ముక్కోణపు ఆ అక్షరం ఆకారాన్ని బట్టి నైలు ముఖద్వారపు నేలకు గ్రీకులు పెట్టిన పేరు.

రెండో రోజు ఉదయం పదిహేడో శతాబ్దపు తత్త్వవేత్తలు, ఇంగ్లండు బేకన్, ఫ్రాన్సు డేకార్ట్ వచ్చారు. ఇది ఆరింటిలో బలహీనమైన తరగతి. ప్రకృతిని హింసించి దాని రహస్యాలు కక్కించాలని బేకన్ అన్నాడని ఉపన్యాసకుడు ఉద్ధరణగా చెప్పాడు. ఎంతోమంది రాసే మాటే గాని, బేకన్ రచనల్లో ఆ వాక్యం లేదు. స్వేచ్ఛగా వదిలినప్పటికంటే మనిషి నేర్పు పెట్టే ఒత్తిడికి లోనైనప్పుడు ప్రకృతి ఎక్కువగా బయటపడుతుందని ఆయన అన్నాడు. ఈ రెండూ ఒకటి కాదు. డేకార్ట్ 1637లో రాసిన ప్రసిద్ధ వాక్యాన్ని కూడా పాఠ్యప్రతిలో ‘మనం ప్రకృతికి యజమానులం, హక్కుదారులం కాగలం’ అని వేశారు. అసలు వాక్యంలో యజమానుల ‘వంటివారం’ అని ఉంది. ఆ ఒక్క ‘వంటి’ పోవడంతో డేకార్ట్ ఉన్నదానికంటే పొగరుబోతుగా కనబడ్డాడు. ఒక తెలుగు పండితుడు ఉపమను రూపకంగా మార్చి రాసిన జవాబుపత్రానికి మార్కులు తగ్గిస్తాడు. నేనూ తగ్గిస్తున్నాను.

బేకన్ 1620లో రాసిన మరో మాట మీద మాత్రం చర్చ బాగా నడిచింది. ప్రకృతికి లోబడి నడిస్తే తప్ప దాన్ని జయించలేము అన్నది ఆ మాట. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, అడుగు దొరకని ఇసుకలో పునాది వేయడం కావేరి మీద పాత కాలపు కట్టడాలను చూసి, ఈ దేశపు పూర్వ నిర్మాతల నుంచి నేర్చుకున్నామని స్వయంగా ఒప్పుకున్నాడు. ఇసుకను తోడి రాతినేల వెదకలేదు, ఇసుక ఇసుకగా ఉండగానే దాని మీద బరువు నిలబెట్టారు. బేకన్ వాక్యానికి ఇంతకంటే మంచి వ్యాఖ్య ఉంటుందనుకోను. ఈ పోలిక తెచ్చింది ఉపన్యాసకుడు కాదు, నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన ఒక ఇంజినీరుగారు. ఆయన మాట్లాడిన పది నిమిషాలకే ఆ ఉదయానికి పెట్టిన రుసుము గిట్టింది.

అదే శతాబ్దపు డచ్ తత్త్వవేత్త స్పినోజా పాఠం చిన్నదైనా నిండుగా ఉంది. దేవుడన్నా ప్రకృతి అన్నా ఒక్కటేనని, ప్రకృతికి ఏ గమ్యమూ ఏ ఉద్దేశమూ లేవని చెప్పిన ఆయన ప్రధాన గ్రంథం, ఆయన పోయాక 1677లో గాని అచ్చుకాలేదు. లాటిన్‌లో ఆయన వాడిన జంటపదాన్ని ఉపన్యాసకుడు ‘పుట్టించే ప్రకృతి, పుట్టిన ప్రకృతి’ అని తెలుగు చేశాడు. ఎంత హాయిగా ఉంది! ఇది అప్పటికప్పుడు నోటికి వచ్చిన అనువాదమట. పాఠ్యప్రతిలో దీని స్థానంలో నాలుకకు మడత పడే ఒక సమాసం ఉంది. స్పినోజా పేరు రాగానే సగం మంది అద్వైతం అంటూ లేచారు. ఉపన్యాసకుడు వారిని మర్యాదగా, గట్టిగా కూర్చోబెట్టాడు. రెండు ఆలోచనలను పోల్చే ముందు ఒకదాన్నైనా పూర్తిగా వినాలి అన్న ఆయన పట్టుదలను నేను సమర్థిస్తాను.

తరువాతి గంట గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ తరగతి నా మనసులో మిగిలింది దానివల్లనే. 1755 నవంబరు 1న, చర్చిలు నిండుగా ఉన్న పండుగ ఉదయం, లిస్బన్ నగరం భూకంపంతో కూలి, సముద్రపు అలలకు, మంటలకు బలయింది. లోకమంతా మేలుకే నడుస్తున్నదన్న తత్త్వం మీద ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఒక కావ్యంతో విరుచుకుపడ్డాడు. మరుసటి ఏడాది తత్త్వవేత్త రూసో ఆయనకు రాసిన లేఖలో, ఆరేడు అంతస్తుల ఇళ్ళు 20 వేలు తెచ్చి అక్కడ పేర్చింది ప్రకృతి కాదు కదా అని అడిగాడు. ఈ ఒక్క వాక్యం చదవగానే గదిలో కుర్చీలు కదిలాయి. లంకల్లో పొలాలున్న ఇద్దరు, ఏటిగట్టుకు అవతల ఇళ్ళున్న ఒకరు, ఇంజినీరుగారు కలిసి 1986 ఆగస్టు వరదను నిన్న జరిగినట్లు వాదించుకున్నారు. గట్టు లోపల ఇల్లు కట్టుకున్నవాడి తప్పా, గట్టు బలహీనపడేదాకా చూస్తూ ఊరుకున్నవారి తప్పా, లేక గట్టు వేసి వరదను ఇరుకున పెట్టి దాని మట్టం పెంచిన ఆలోచనదే తప్పా? ఏటికి గట్టు లేనప్పుడు నీరు డెల్టా అంతటా పరుచుకుని ఒండ్రు పోసి పోయేది, గట్టు వచ్చాక ఊరు నిలిచింది గాని గట్టు తెగిన చోట మాత్రం విధ్వంసం ఒక్కసారిగా వస్తుంది. రూసో పక్షమో వోల్టేర్ పక్షమో తెలియకుండానే అందరూ పంచుకుని నిలబడ్డారు. ఉపన్యాసకుడు 40 నిమిషాలు అడ్డు చెప్పకుండా విన్నాడు. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసిన గురువు అరుదు.

సాయంత్రం జర్మన్ తత్త్వవేత్త కాంట్ పాఠంలో ఇదే గాలి మరో వైపు తిరిగింది. ఉరిమే మేఘాలు, తుపానులు, హద్దులేని సముద్రం వంటివి భయపెట్టేకొద్దీ మనసును లాగుతాయని, అయితే చూసేవాడు భద్రమైన చోట ఉండాలని కాంట్ 1790లో రాశాడు. ప్రకృతి ముందు ఒళ్ళు చిన్నదైపోయినా, దాన్ని తూచగల బుద్ధి తనలో ఉందని మనిషి అప్పుడే గ్రహిస్తాడన్నది ఆయన వాదం. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయిని, కోనసీమను తుపాను కొట్టిన 1996 నవంబరు 6 నాటికి చిన్నపిల్ల. “ఆ రాత్రి మేం చూసిందేమీ లేదండి. విన్నామంతే. తెల్లారాక చూశాం, తోటలో చెట్లకి తలల్లేవు” అన్నారామె. తుపానును చూడటానికి భద్రమైన చోటు ఒకటి ఉంటుందన్న ఊహలోనే, దానికి దూరంగా బతికినవాడి ఆలోచన ఉందని ఆమె అభిప్రాయం. కాంట్ తన ఊరు కోనిగ్స్‌బర్గ్ పరిసరాలు దాటి దూరదేశాలకు వెళ్ళినవాడు కాదని ఉపన్యాసకుడు ఒప్పుకున్నాడు. అలాగని కాంట్ వాదం వీగిపోదు. భద్రత లేనిచోట ఉన్నది భయమే గాని సౌందర్యానుభవం కాదనే కదా ఆయన అన్నదీ. ఆమె చెప్పింది ఆ హద్దును మరింత కచ్చితంగా గీసింది.

పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త మిల్‌కు మిగిలింది 20 నిమిషాలే. ఇది నిర్వాహకులు సరిదిద్దుకోవలసిన పెద్ద లోపం, ఎందుకంటే ఈ విడిది కరపత్రం లాంటి కరపత్రాలన్నిటికీ జవాబు మిల్ దగ్గరే ఉంది. ఆయన పోయాక 1874లో వెలువడిన వ్యాసంలో ప్రకృతి అన్న మాటకు రెండు అర్థాలు విడదీశాడు. ఒకటి, ఉన్నదంతా, దాని నియమాలతో సహా. అప్పుడు మనిషి, అతని కాలువ, అతని ఎరువుల బస్తా అన్నీ ప్రకృతే. రెండోది, మనిషి జోక్యం లేకుండా ఉన్నది, లేదా ఉండేది. మొదటి అర్థంలో ‘ప్రకృతిని అనుసరించు’ అనడం అనవసరం, అనుసరించక గతి లేదు. రెండో అర్థంలో అలా అనడం అవివేకం, ఎందుకంటే మనిషి చేసే పని ఏదైనా అలా ఉన్నదాన్ని మార్చడమే. అమ్మకందారులు మొదటి అర్థంలోని గొప్పతనాన్ని చూపించి రెండో అర్థంలోని వస్తువుకు ధర చెబుతారు. తరగతిలో చెప్పని సంగతి ఒకటి నేను చేరుస్తాను. మిల్ 1823 నుంచి 1858 వరకు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలోనే ఉద్యోగం చేశాడు. మన ఆనకట్ట కట్టిన ఏళ్ళన్నీ ఆ లెక్కలోనే వస్తాయి.

మూడో రోజు తెల్లవారుజామున నేను ఒక్కడినే లేచి రెండు కిలోమీటర్ల దూరంలోని లాకుల దాకా నడిచాను. కార్యక్రమంలో ఈ నడక లేదు, ఉండవలసింది. తోటకు వచ్చే కాలువ నీరు ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి విడిపోయి, మధ్య డెల్టా కాలువల మీదుగా వచ్చి, గన్నవరం దగ్గర అక్విడెక్టు మీద వైనతేయను దాటి ఈ దీవిలోకి దిగుతుంది. అంటే ఒక ఏరు మరో ఏటి నెత్తి మీదుగా నడిచి వచ్చి మా విడిది పక్కనుంచి పోతున్నది. లాకుల దగ్గర గేజి రాయి మీద మట్టం చూసుకుంటున్న ఒక లస్కరు, అంటే కాలువ నీటిని చూసుకునే ఉద్యోగి, కనిపించాడు. మాటల్లో, ఈ నీరంతా గోదావరిదే కదా అన్నాను. “ఏరు దేవుడిదండి. కాలవ గవర్నమెంటుదండి” అన్నాడు. మరి నీళ్ళెవరివని అడిగితే, “ఎవరివైనా ముందు పైవూరోళ్ళవండి” అని నవ్వి, వంతులు పెట్టిన నాటి నుంచి శివారు రైతులతో తాను పడుతున్న తగవులు చెప్పుకొచ్చాడు. పుట్టినదానికీ చేసినదానికీ మధ్య అరిస్టాటిల్ గీసిన గీతను ఆయన నాకంటే తేలిగ్గా గీశాడు. ఆ వెంటనే, నీరు ఆ గీతకు ఏ వైపుదో తేల్చలేమని కూడా చెప్పాడు.

తిరిగి వస్తూ, పాఠ్యప్రతిలో లేని ఒక రోమనును తలుచుకున్నాను. సిసిరో క్రీ.పూ. 45లో దేవతల స్వభావం మీద రాసిన సంవాదంలో, స్టోయిక్ అనే తత్త్వశాఖ పక్షాన మాట్లాడే బాల్బస్ మనిషి చేతులను పొగుడుతాడు. మనం పైరు వేస్తాము, చెట్లు నాటుతాము, నీరు పారించి నేలకు సారం ఇస్తాము, నదులను కట్టడి చేసి, తిన్నగా చేసి, దారి మళ్ళిస్తాము, మన చేతులతో ప్రకృతిలోనే మరో ప్రకృతిని చేయాలని చూస్తాము అని ఆ మాటల తాత్పర్యం. కోనసీమను చూడకుండా కోనసీమను వర్ణించినట్లున్న ఈ భాగాన్ని వదిలేసి, 90 పేజీలలో 11 పేజీలు అమెరికా రచయిత ఎమర్సన్ ప్రకృతి మీద కురిపించిన పొగడ్తలకు ఇవ్వడం నాకు అర్థం కాలేదు. అడవికీ పట్నానికీ నడుమ నిలబెట్టి ‘నీది ఏ పక్షం’ అని అడిగే రచనలు ప్రతిలో ఎక్కువ. మూడు పంటల నేల వంటి, రెండూ కానిచోటు గురించిన ఆలోచన తక్కువ. ఈ తరగతి మీద నా అసలు అసంతృప్తి ఇదే. ఉపన్యాసకుడి చదువులో లోపం లేదు. చదువును వాకిలి దాటించి కాలువగట్టు మీదికి తీసుకురావాలన్న ఆలోచన ఏర్పాటులో లేదు.

చివరి తరగతిలో ఇరవయ్యో శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త హైడెగర్‌ను చదివాము. రైన్ నది మీద జలవిద్యుత్ కేంద్రం కట్టాక, కేంద్రం నదిలో ఉన్నట్లు కాక నదే కేంద్రంలో ఒక భాగమైపోయిందని, 1954లో అచ్చయిన వ్యాసంలో ఆయన రాశాడు. అయినా రైన్ ఇంకా అందమైన నదే కదా అని తానే ప్రశ్న వేసుకుని, అవును, విహారయాత్రల వ్యాపారం పిలిపించిన బృందం వచ్చి చూసి పోవడానికి సిద్ధంగా ఉంచిన వస్తువుగా ఉంది అని జవాబిస్తాడు. ఉపన్యాసకుడు ఈ వాక్యం చదువుతుండగా గుమ్మం దగ్గర నిర్వాహకుడు నిలబడి, పడవ సిద్ధంగా ఉందని చేయి ఊపాడు. 18 మందిమీ ఒక్కసారిగా నవ్వాము. ఆయనకు కారణం తెలియక తానూ నవ్వాడు. ఆ తరువాత నేస్, లియోపోల్డ్‌ల పర్యావరణ తత్త్వం పావుగంటలో ముగిసింది. స్త్రీగా ఊహించి ప్రకృతిని లొంగదీయాలన్న భాష మీద వచ్చిన విమర్శ ఊసే లేదు. ముమ్మిడివరం ఉపాధ్యాయిని దాని గురించి అడిగినప్పుడు ఉపన్యాసకుడు ‘వచ్చేసారి’ అన్నాడు.

కరపత్రం ‘నదీ విహారం’ అన్నది నిజానికి కాలువ మీది ప్రయాణం. అది కూడా బాగానే ఉంది. గుర్రపుడెక్కను గడకర్రతో తోసుకుంటూ, అటూ ఇటూ నాట్లు వేస్తున్న మడుల మధ్య గంటసేపు పోయాము. పడవవాడికి మాత్రం ఆ ఊదాపూల మీద కరపత్రం వారికున్న గౌరవం లేదు.

విడిది గురించి రెండు మాటలు చాలు. గదులు శుభ్రంగా ఉన్నాయి, మండువా నడిమిట్లోంచి వెన్నెల పడుతుంది, దోమతెరలకు మాత్రం చిరుగులున్నాయి. ఉదయం పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టెక్కలు, మరోరోజు దిబ్బరొట్టె పెట్టారు. ఈ రెండింటిలో దేనికీ వంక పెట్టలేను. పులస రాలేదు, రాదు. దాని బదులు పెట్టిన చేపల పులుసు ఏ చేపదని అడిగితే చెరువు చేప అని నిజం చెప్పారు. మెట్లు ఎక్కువగా ఉన్నందున మోకాళ్ళ నొప్పులున్నవారు కింది గది ముందే అడిగి తీసుకోవాలి. తత్త్వశాస్త్రం కొత్త అయినవారు కూడా వెళ్ళవచ్చు. వాదించే అలవాటున్నవారు తప్పక వెళ్ళాలి. నిశ్శబ్దం కోసం, పక్షుల కూతల కోసం వెళ్ళేవారు ఇదే విడిదికి తరగతులు లేని రోజుల్లో వెళ్ళడం మేలు.

తరువాతి విడత మే నెలలో పెడతామని సామాను సర్దుకుంటున్నప్పుడు చెప్పారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక ఆ నెలలో పడవ కదలదని, కరపత్రం మళ్ళీ అచ్చు వేసే ముందు లాకుల దగ్గర ఒకసారి అడిగి రమ్మని చెప్పి వచ్చాను.